పెదవులు కదిపితే చాలు, బాబాయ్

బొమ్మల షెడ్డు, రంగుల గది నుంచి
వానలు మొదలైన వారం

మహా ఘనత వహించిన, బెత్తం లేకుండానే భయపెట్టగల అక్కకు,

ఈ తమ్ముడు సవినయంగా విన్నవించుకునేదేమనగా, నేను బతికే ఉన్నాను. బి.ఏ. ప్యాసై, లా చదవమంటే చదవకుండా బొమ్మల కంపెనీలో చేరి వంశం పరువు తీసినవాడికి ఇంకేం కావాలి అంటావేమో. కొత్త చెప్పులు కావాలి. ఆ సంగతి తర్వాత.

నా ఉద్యోగమేమిటని అడిగావు. తెర మీద బొమ్మ ఆడుతుంది కదా, దానికి నోరుంది, మాట లేదు. అందుకని మధ్యమధ్యలో నల్లటి అట్ట మీద తెల్లటి అక్షరాలు వస్తాయి, "అయ్యో! నా తల్లీ!" అని. ఆ "అయ్యో" నాది. "తల్లీ" కూడా నాదే. కాలేజీలో మింగిన సాహిత్యమంతా ఇప్పుడు అట్టకు ఇన్ని మాటలని కక్కుతున్నాను.

ఇక అసలు వార్త. నేను నటించాను! గోడ దూకే దొంగ వేషగాడికి జ్వరమొస్తే ప్రొప్రయిటరు గారు షెడ్డంతా కలియజూసి, "దొంగ మొహం ఎవరికుంది?" అన్నారు. అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఇంత ఏకాభిప్రాయం మా కంపెనీలో ఎప్పుడూ చూడలేదు. దూకాను. నిజం చెప్పాలంటే పడ్డాను. "దూకడం కంటే పడటమే బావుంది, ఉంచెయ్యండి" అన్నారు.

అందులో ఒక వింత. నా ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉందిగా, అమ్మ గులాబీ రేకు అనేది, నువ్వు జామ్ మరక అనేదానివి. తెర మీద అది బొగ్గు అద్దినట్టు నల్లగా పడింది. కెమెరా హ్యాండిల్ తిప్పే ఆయన, మేమంతా హ్యాండిల్ మామ అంటాం, కారణం చెప్పాడు. ఫిల్ముకు ఎరుపంటే పడదట. ఎర్రనిదేది కనబడినా నల్లగా దించేస్తుంది. అందుకే మా హీరోయిన్ గారు పెదాలకు పసుపు పులుముకుంటుంది. దగ్గరనుంచి చూస్తే కామెర్ల రోగి, తెర మీద చందమామ.

మచ్చంటే గుర్తొచ్చింది. స్టేషన్ బల్ల మీద పరిచయమైతే నీ దగ్గరికి పంపానే వడ్రంగి, అతనెలా ఉన్నాడు? అతనికీ సరిగ్గా నాకున్న చోటే మచ్చ, కాకపోతే పుట్టుకతోనే నల్లది. ఒకరినొకరు చూసుకుని అద్దం ముందు నిలబడ్డట్టు నవ్వుకున్నాం. "ఈ ఊరు కాకుండా ఇంకెక్కడైనా పని దొరుకుతుందా బాబూ" అన్నాడు. నీ బడిలో బల్లలు విరిగి పిల్లలు నేల మీద కూర్చుంటున్నారని రాశావు కదా, చిరునామా ఇచ్చేశాను. మచ్చ సోదరులం, ఆ మాత్రం చేసుకోకపోతే ఎలా?

మా బొమ్మ మీ ఊరి హాలుకు వస్తోంది. నీ పిల్లలందరినీ తీసుకెళ్లు. చెవులు వినపడేవాళ్లకూ వినపడనివాళ్లకూ సమానంగా ఉండే తమాషా లోకంలో ఇదొక్కటే.

నీ పాదధూళి,
తమ్ముడు


వినపడని ఆడపిల్లల బడి, మేడ గది నుంచి

ఒరేయ్ దొంగ మొహం,

చెప్పులు పంపను. ఉన్నవాటితోనే నడువు, ఇంటి వైపు.

సమానమన్నావు చూడు, అక్కడే తప్పులో కాలేశావు. మీ బొమ్మ మా పిల్లలకు మీ అందరికంటే ఎక్కువ అర్థమైంది. హీరోయిన్ ప్రాణం పోతుంటే హాలంతా ముక్కులు చీదుతోంది. మా వరసలో మాత్రం పొట్టలు పట్టుకుని నవ్వులు. పెదాల కదలిక చదవడం వాళ్లకు నేర్పింది నేనే కదా, ఎవర్ని తిట్టను? నీ అట్ట మీద "ప్రాణనాథా, మరుజన్మలోనైనా..." అని ఉంది. ఆవిడ నోరేమో "ఆ దీపం జరపమను, వీపు మాడిపోతోంది" అంటోంది. ఆయన గుండెలు బాదుకుంటూ "మళ్లీ ఉల్లిపాయలు తిన్నావు కదూ" అంటున్నాడు. హాలు మేనేజరు వచ్చి, "చావు సీనులో నవ్వేవాళ్లను ఇదే చూడటం" అని మమ్మల్ని బయటికి నడవమన్నాడు. నడవలేదులే.

నువ్వు గోడ మీంచి పడుతూ అన్న మాట కూడా మా పొడుగు పిల్ల చదివింది. చదివి వరసంతా పంచింది. ఆ మాటకు మా సైగల్లో ఇంతవరకూ గుర్తు లేదు. నీ పుణ్యమా అని ఇప్పుడుంది.

వడ్రంగి బాగున్నాడు. మాట తక్కువ మనిషి, మా బడికి అచ్చంగా సరిపోయాడు. పిల్లల సైగలు చకచకా పట్టేశాడు. అతను చేసిన బల్ల మీద నేనెక్కి గెంతి చూశాను, కిర్రుమనలేదు. బొమ్మకు అతణ్ణీ తీసుకెళ్లాను. తెర మీదికి నీ మొహం రాగానే లేచి బయటికి వెళ్లిపోయాడు. కడుపునొప్పి అన్నాడు. నీ నటన మరీ అంత ఘోరంగా లేదు మరి.

అక్కడ నిన్నెవరైనా వింతగా చూస్తున్నారా? ఊరికే అడిగాను.

అక్క


బొమ్మల షెడ్డు నుంచి

వినపడని పిల్లలకు తిట్లు నేర్పించే ఆదర్శ ఉపాధ్యాయినికి,

వింతగానా? అక్కా, నేను మహానుభావుణ్ణయిపోయాను! మంగలి తన దుకాణంలో నన్ను చూడగానే సగం గడ్డం గీసినవాణ్ణి లేపేసి నన్ను కూర్చోబెడుతున్నాడు. టీ కొట్టాయన, ఆయన నోరు విప్పగా ఈ బజారులో చూసినవాళ్లు లేరు, నేను కూర్చోబోయే కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచి మారుమాట లేకుండా టీ పెట్టి వెనక్కి జరిగిపోతున్నాడు. కళకు ఇంత గౌరవమా అని మురిసిపోయాను.

కళకు కాదట. కంటి కింద మచ్చకు.

ఈ బజారులో గడియారాలు బాగుచేసే దుకాణం ఒకటుంది. గోడ నిండా గడియారాలే, ఏ రెండూ ఒకే టైము చెప్పవు. అందులో కూర్చునే పెద్దమనిషిని అందరూ బాబాయి అంటారు. ఎవరికీ సొంత బాబాయి కాడు. ఆయన మాట వినని దుకాణం ఏదో ఒకనాటికి అంటుకుంటుంది, అంతే. పోలీసాయన పొద్దస్తమానం అక్కడే కూర్చుని తన చేతి గడియారం బాగుచేయించుకుంటూ ఉంటాడు. అది ఎప్పటికీ బాగవదు. ఆ బాబాయి నన్ను పిలిపించాడు.

"వచ్చావురా మచ్చా?" అన్నాడు.

"అయ్యా, నేను అట్టలు రాసేవాణ్ణి."

"బొమ్మలో చూశాన్లే. నిక్షేపంలా నల్లగా ఉంది. ఇప్పుడేం రాసి తెల్లబరిచావ్?"

"పుట్టినప్పటినుంచీ ఇదే రంగు, బాబాయ్."

"నా దగ్గరున్నప్పుడు ఇంత వాగేవాడివి కాదు."

"వాగనిచ్చి ఉండరు" అన్నాను. ఆయన నవ్వాడు. పోలీసాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆయన కంపెనీలో పద్ధతి చెప్తా విను. పనికి వెళ్లేటప్పుడు అందరికీ ముక్కు మీంచి గడ్డం దాకా గుడ్డ కట్టాలి. ఒకడి మొహం ఒకడు చూడకూడదు, పట్టుబడినవాడు పక్కవాడి ఆనవాలు చెప్పలేడని. ఒకడితో ఒకడు మాట్లాడకూడదు. మాట్లాడేది బాబాయి ఒక్కడే. ఎంత జాగ్రత్తో! ఆ జాగ్రత్త పుణ్యమా అని తన మనిషి మొహమేమిటో తనకే తెలియదు. గుడ్డకు పైన రెండు కళ్లు, కంటి కింద ఒక మచ్చ. అంతవరకే ఆయనకు పరిచయం. పారిపోయినవాడు నేనేనని ఎలా నమ్మాడో అర్థమైందా?

నువ్వేం కంగారుపడకు. చివరికి నేను మచ్చను కానని ఒప్పుకుని, టీ ఇప్పించి పంపేశాడు. కథ ముగిసింది.

నీ పాదధూళి

తా.క. కలప కొనడానికి వడ్రంగిని ఇటు పంపొద్దు. ఇక్కడి కలప ఈ ఏడు అస్సలు బాగాలేదు. అంతా చెదలు.


బడి, మేడ గది నుంచి

తమ్ముడూ,

నువ్వు అబద్ధమాడితే నీ అక్షరాలు గుండ్రంగా వస్తాయి. చిన్నప్పటినుంచీ అంతే. "కథ ముగిసింది" అన్న చోట ముత్యాలు పేర్చినట్టున్నాయి. చెదలట, చెదలు.

నీ ఉత్తరం వడ్రంగికి చదివి వినిపించాను. మర్నాడు పొద్దున్నే సామాను సంచీతో గేటు దగ్గర కనబడ్డాడు. ఎక్కడికన్నాను. "నా మచ్చ మీ తమ్ముడు మోస్తున్నాడు టీచరుగారూ. వెళ్లి నాది నేను తెచ్చుకుంటాను" అన్నాడు. సంచీలోంచి రంపం లాక్కుని గేటుకు అడ్డంగా నిలబడ్డాను. పిల్లలొచ్చి నా పక్కన నిలబడ్డారు. విషయం తెలియదు వాళ్లకు, నిలబడ్డారంతే. అప్పుడు కూర్చుని మొత్తం చెప్పాడు.

మీరిద్దరూ స్టేషన్లో కలిసిన రోజే అక్కడ బట్టల గోడౌను కాలింది కదా. ముట్టించమని అగ్గిపెట్టె ఇతని చేతికే ఇచ్చారు. లోపల కాపలా మనిషి పడుకుని ఉన్నాడు అన్నాడట. "నువ్వు నోరు మూసుకో" అన్నాడట మీ బాబాయి. అగ్గిపెట్టె మురిక్కాలవలో పారేసి, మొహం మీది గుడ్డ విప్పేసి, స్టేషను దాకా నడిచొచ్చాడు. బల్ల మీద నువ్వు కూర్చుని ఉన్నావు. వెనకాల ఇంకెవడో ముట్టించాడు. కాపలా మనిషి బయటికి రాలేదు. తాళాలు ఎవరి దగ్గరుంటాయో ఆ గుమాస్తాను తీసుకెళ్లి జైల్లో పెట్టారు.

"ఇన్నాళ్లూ నోరు విప్పకపోవడం తప్పు" అన్నాను. "తప్పే" అన్నాడు. వాదించలేదు. వాదించని మగవాణ్ణి ఇదే మొదటిసారి చూడటం.

ఇంకో మాట. అతణ్ణి పెళ్లి చేసుకోబోతున్నాను. ఈ సంగతి అతనికింకా చెప్పలేదు. ముందు నువ్వు మింగు, తర్వాత అతను మింగుతాడు.

నువ్వు మొదటి రైలెక్కి వచ్చెయ్. అట్టలు ఇక్కడ రాసుకోవచ్చు. మా బడిలో నల్లబల్ల ఖాళీగానే ఉంది.

అక్క


బొమ్మల షెడ్డు, హీరోయిన్ గారి పెట్టె మీద కూర్చుని

అక్కా,

మింగాను. నీళ్లు కూడా తాగాను. మా చేత బావ అని పిలిపించుకునే యోగ్యత అతనికుందో లేదో తర్వాత విచారిద్దాం, బల్ల మీద గెంతి చూశావు కాబట్టి సగం విచారణ అయిపోయినట్టే.

ఇక ముత్యాలు పేర్చకుండా రాస్తున్నాను, చూసుకో, అన్నీ వంకర అక్షరాలే. బాబాయి "మచ్చా" అన్న క్షణమే ఎవరికోసమో నాకు తెలిసిపోయింది. అందుకే గట్టిగా కాదనలేదు. నేను కాదని రుజువు చేసుకుంటే అసలువాడెక్కడ అని వెతుకుతారు. రైలెక్కితే వెంటపడతారు. ఎక్కే రైలు నీ దగ్గరికే కదా. కాబట్టి ఇక్కడే ఉన్నాను. వీరుణ్ణనుకోకు, తలుపుకు గడియ వేసి మరీ రాస్తున్నాను. కానీ అక్కా, ఎవడో గడియారాల వాడు కళ్లెర్రజేస్తే మనం దారి తప్పుకుని నడవాలా? నేను తప్పుకోను. ఇది అట్ట మీద రాసే మాట కాదు.

చిక్కేమిటంటే, మచ్చకు పని పడింది. మా కొత్త బొమ్మలో గోడౌను తగలబడే సీనొకటుంది. తీసెయ్యమని బాబాయి కబురు పెట్టాడు. "నా బొమ్మలో సీను నేను తీసెయ్యాలా? వాణ్ణొచ్చి హ్యాండిల్ తిప్పమను" అన్నారు ప్రొప్రయిటరు గారు. ఆ పొట్టి మనిషిలో అంత పొగరుందని నాకిప్పుడే తెలిసింది. దాంతో షెడ్డే తగలబెట్టెయ్యమని బాబాయి ఆజ్ఞ. చెయ్యాల్సింది నేను. ఫిల్ము సంగతి తెలుసుగా, నిప్పు వాసన తగిలితే చాలు, భగ్గుమంటుంది. హ్యాండిల్ మామ కుటుంబం ఉండేది షెడ్డు వెనక గదిలోనే.

ఇప్పుడు చదివేది కూర్చుని చదువు. ఉల్లిపాయల సంగతి రాశావు చూడు, అప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. ఈ బజారులో నోరు తెరిచేది బాబాయి ఒక్కడే. తన నోటితో తను అన్నది కోర్టులో పెట్టగలిగితే? బొమ్మకు వినపడదు. కానీ బొమ్మ చూస్తుంది.

ఆయనకు తన మొహమంటే మహా ఇష్టం. దుకాణంలో గడియారాలకంటే అద్దాలెక్కువ. నిన్న వెళ్లి అన్నాను, "బాబాయ్, షెడ్డు ఎలాగూ పోతుంది. పోయేముందు తమరి మొహం ఒక్కసారి తెరకెక్కితే? చెడ్డ కుర్రాడికి బుద్ధి చెప్పే ధర్మాత్ముడి వేషం. కుర్రాణ్ణి నేను."

"నాకు డైలాగులు రావురా."

"డైలాగులెందుకు? నోటికొచ్చిందేదో కోపంగా అనండి. ఎవరికి వినపడి చచ్చింది? పెదవులు కదిపితే చాలు, బాబాయ్."

అద్దంలో చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు. ఇంకా విను, ఆయనే అన్నాడు, "అయితే నా బొమ్మ ఉన్న ఫిల్ము చుట్ట ముందు బయటికి పంపెయ్. షెడ్డుతో పాటు నా మొహం కాలితే ఊరుకోను."

పిల్లల్ని అడుగు. మీసమున్నవాడి నోరు చదవగలరా? బాబాయి మీసం చిన్నది కాదు. అందులో పిట్ట గూడు కట్టినా బయటికి తెలియదు.

తమ్ముడు


బడి, మేడ గది నుంచి

ఒరేయ్,

నాకు భయంగా ఉంది. ఆ సంగతి ఈ ఒక్క వాక్యంతో సరి. ఇక పని.

పిల్లల్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. దాచి చేయించే పని కాదు ఇది. పొడుగు పిల్ల లేచి, "మమ్మల్ని నమ్ముతారా?" అని సైగ చేసింది. నమ్మేదాకా కూర్చుంటానన్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఇవి వాళ్ల షరతులు: మీసం పై పెదవి మీద పడకూడదు. మొహం తిన్నగా కెమెరా వైపు ఉండాలి, పక్కకు తిరిగితే సగం మాట పోతుంది. వెలుగు నోటి మీద పడాలి. చెయ్యి అడ్డం రాకూడదు. కోపంగా అంటే మంచిదే, కోపంలో నోరు బాగా తెరుచుకుంటుంది. ఈసారి గోడ మీంచి పడొద్దని కూడా చెప్పమన్నారు.

వడ్రంగి ఒక మాట చెప్పాడు. "ఆయన్ని అడిగితే చెప్పడు. ఆయన చేసింది ఇంకొకడు చేశాడని అంటే మాత్రం తట్టుకోలేడు." అది చెప్పి మళ్లీ బల్ల చెక్కడానికి పోయాడు. అతనికి పెళ్లి సంగతి చెప్పాను. చేతిలో రంపం కింద పెట్టాడు. "నా సంగతంతా తెలిశాక కూడానా టీచరుగారూ?" అన్నాడు. తెలిశాకే అన్నాను. "ముందు నేను చెప్పాల్సిన చోట నోరు విప్పాలి. తర్వాత మీరు అడగండి" అన్నాడు. రాయి మీద కొట్టినట్టు చెప్పాడురా. నచ్చింది.

చుట్ట పంపాక ఒక్క పూట కూడా అక్కడ ఉండకు.

అక్క


బొమ్మల షెడ్డు, కాలని షెడ్డు నుంచి

అక్కకు,

జరిగిందంతా యథాతథంగా నివేదించుకుంటున్నాను.

మొదటి ఘట్టం, మీసావతార సమాప్తి. తెల్లబడిన మీసానికి బాబాయి ఎర్రరంగు వేస్తాడు. నేను అత్యంత విచారంగా మొహం పెట్టి, "బాబాయ్, ఫిల్ముకు ఎరుపు పడదు. మీ మీసం తెర మీద నల్లగా పరుచుకుని, మూతి మీద కాకి వాలినట్టుంటుంది" అన్నాను. నమ్మలేదు. హ్యాండిల్ మామ ఒక ముక్క తీసి చూపించాడు. కాకే. బాబాయి మంగలిని పిలిపించాడు. మంగలి కత్తెరకు దండం పెట్టుకుని మొదలెట్టాడు. పై పెదవి ఎన్నేళ్ల తర్వాతో వెలుగు చూసింది.

రెండో ఘట్టం. ధర్మాత్ముడు తెల్లటి అంగీలో నిలబడ్డాడు, నేను కాళ్ల దగ్గర మోకరిల్లాను. "మామా, దగ్గరగా పెట్టు" అన్నాను. హ్యాండిల్ మామకు అంతా చెప్పాను అక్కా. ఆ కాలిపోయిన కాపలా మనిషి ఆయన పక్కింటివాడట. కెమెరాను బాబాయి మూతి ముందుకు తెచ్చి పెట్టాడు. ప్రొప్రయిటరు గారికి మాత్రం చెప్పలేదు, ఆయన మొహంలో రహస్యం నిలవదు.

హ్యాండిల్ టకటకమని తిరుగుతోంది. ఆ చప్పుడులో నా మాట ఆయనకు, ఆయన మాట నాకు తప్ప ఎవరికీ వినపడదు. నేను ఏడుపుమొహంతో అన్నాను, "బాబాయ్, బజారులో ఏమనుకుంటున్నారో తెలుసా? గోడౌను మీ పని కాదట. అంత పెద్ద మంట ఆ గుమాస్తాయే పెట్టాడట. మగాడంటే గుమాస్తా అంటున్నారు."

అంతే. మెడ నరాలు లేచాయి. కళ్లు ఉరిమాయి. ఇలాంటి నటన మా హీరోకు ఏడు జన్మలెత్తినా రాదు. అన్నాడక్కా, మొత్తం అన్నాడు! మధ్యలో నేను ఆయన కాళ్లు పట్టుకుని "అబ్బే, నమ్మను" అని తల అడ్డంగా తిప్పాను. రెండోసారి కూడా అన్నాడు, ఇంకా వివరంగా.

ఏమన్నాడో మాత్రం రాయను. నేను రాసి పంపితే నువ్వు పిల్లలకు నేర్పావంటారు. వాళ్ల కళ్లే చెప్పాలి. ఈ కాగితం మీద బాబాయి నోరు మూసే ఉంచుతున్నాను.

"ఎలా చేశానురా?" అని అడిగాడు చెమట తుడుచుకుంటూ. "నా జన్మ ధన్యమైంది బాబాయ్" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు.

చుట్టను స్టేషను దాకా మోసింది ఎవరనుకున్నావ్? బాబాయి మనిషే. భద్రంగా పట్టుకెళ్లమని బాబాయే పంపాడు. షెడ్డు పని ఎప్పుడని అడిగితే, ఆ చుట్ట మీ ఊరి హాలులో ఆడి మెప్పు పొందిందని కబురు రానీయండి, మళ్లీ తీయాల్సి వస్తే షెడ్డు ఉండాలి కదా అన్నాను. న్యాయమే అన్నాడు.

నువ్వు ఉండొద్దన్నావు. ఉంటున్నాను. నేను కదిలితే అగ్గిపెట్టె ఇంకొకడి చేతికి పోతుంది. అగ్గిపెట్టె నా జేబులో ఉన్నంతసేపూ హ్యాండిల్ మామ పిల్లలు భద్రం. త్వరగా కానివ్వు.

తమ్ముడు


కోర్టు వరండా, బల్ల మీద నుంచి

నా బంగారు తమ్ముడూ,

ఎప్పుడూ ఇలా పిలవలేదని బెంబేలు పడకు. ఒక్కసారికే.

పై కోర్టు జడ్జి గారి దగ్గరికి తిన్నగా వెళ్లాను. ముసలాయన, ముక్కోపి. "వినపడని పిల్లల సాక్ష్యమా? బొమ్మ చూసి?" అన్నారు. "ఒక్కసారి చూడండి, తర్వాత గెంటించండి" అన్నాను. హాలు మేనేజరు, అదే మమ్మల్ని నడవమన్నాయన, పొద్దున్నే తలుపు తెరిచాడు. జడ్జి గారు నన్ను హాలు వరండాలో కూర్చోబెట్టారు. పిల్లల్ని హాలులో ఒకరికొకరు దూరంగా కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇప్పించారు. నేను గోడవతల గోళ్లు కొరుక్కుంటున్నాను.

మేనేజరు తర్వాత చెప్పాడు. బాబాయి తెర మీదికొచ్చి నోరు తెరిచిన కాసేపటికే జడ్జి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. "మళ్లీ వెయ్" అన్నారట. మళ్లీ వేశాక పిల్లల కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే చదివి, అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, బయటికొచ్చి నా పక్కన కూర్చున్నారు. గొంతు తగ్గించారు.

"టీచరమ్మా, మీకొక్కరికే చెప్తున్నాను, ఇంటావిడకు కూడా తెలియదు. కొన్నేళ్లుగా నాకు చెవులు సరిగా పనిచెయ్యడం లేదు. వకీళ్ల పెదాలు చూసే వాదనలు వింటున్నాను. మీ పిల్లలు రాసిందే నేనూ చూశాను" అన్నారు.

ఇదీ వాళ్లు రాసింది: "గుమాస్తాకు అంత దమ్ముందా? గోడౌను ముట్టించమన్నది నేను. లోపల కాపలావాడున్నాడని తెలిసే ముట్టించమన్నాను. నా నోటి మాట లేకుండా ఈ బజారులో అగ్గిపుల్ల కూడా వెలగదు." సరిపోయిందా?

అయినా ఆయన అన్నారు, "పెదాలు చాలవు. అక్కడున్నవాడు ఒకడైనా నోరు విప్పాలి." నేను నీ బావ గురించి ఒక్క మాట అనలేదు. ఒట్టు. పిల్లల చెప్పులకు కాపలాగా మెట్ల మీద కూర్చున్న మనిషి లేచాడు. అలవాటుకొద్దీ ముందు చేతులతో సైగ చేశాడు, తర్వాత గొంతుతో అన్నాడు, "నేనున్నానండీ అక్కడ. మచ్చ అనేది నన్నే." నీడలోంచి ఎండలోకి వచ్చి మొహం చూపించాడు. "అంతకుముందు వాళ్లతో నేను చేసినవి కూడా ఉన్నాయి. అవి కూడా రాసుకోండి" అన్నాడు.

తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ పిల్లల వైపు తిరిగి, మూడో బల్ల కాలు ఇంకా బిగించాలని సైగ చేశాడు. నేను ఏడవలేదు. ఎవరైనా ఏడ్చానంటే నమ్మకు.

ఇక్కడినుంచి వేరే పోలీసులు బయల్దేరారు. చేతి గడియారాలు బాగా నడుస్తున్నవాళ్లు. ఈ ఉత్తరం కంటే ముందే వచ్చేస్తారు. జేబులో ఉన్న ఆ అగ్గిపెట్టెను మురిక్కాలవలో పడెయ్. మన ఇంట్లో అదే పద్ధతి.

అక్క


బొమ్మల షెడ్డు, రంగుల గది నుంచి
మళ్లీ వానలు మొదలయ్యాయి

అక్కకూ, రిజిస్టరులో సంతకం పెట్టి అధికారికంగా బావ అయిన మచ్చ సోదరుడికీ,

మీరు నిన్న రైలెక్కారు, ఇవాళే ఉత్తరమేమిటంటావా? మా ఊరి హాలులో పిల్లల సీట్ల కోసం ఇక్కడి మేనేజరుతో పోట్లాడే హడావుడిలో నువ్వు అసలుది చూడలేదు. నేను తెర పక్కన నిలబడి చూశాను. రాయకపోతే నిద్ర పట్టదు.

ముందు చిల్లర వార్తలు. గుమాస్తా గారు జైలు నుంచి వచ్చి మళ్లీ తాళాల ఉద్యోగంలోనే చేరాడు, మొండిగా. గుడ్డలు కట్టుకు తిరిగినవాళ్లు ఒక్కొక్కరే కోర్టుకు వచ్చి విప్పేశారని తెలుసుగా. ఒకడు మా మంగలి బావమరిది! రోజూ పలకరించుకునేవాళ్లట, ఎవరెవరో తెలియకుండా. జైలు నుంచి బాబాయి కూడా కబురు పెట్టాడు. క్షమాపణ అనుకున్నాను. "జనం నా వేషం గురించి ఏమనుకుంటున్నారు?" అని అడిగాడట. జైల్లో బావ ఉన్న నెలల్లో అక్కడి బల్లలన్నీ బాగయ్యాయి కాబట్టి బాబాయికి కూర్చోవడానికి ఇబ్బంది ఉండదు.

ఇక అసలు సంగతి. కోర్టు పని అయిపోయాక బొమ్మ తిరిగొచ్చింది కదా. "బాబాయి సీను దగ్గర ఒక అట్ట రాసివ్వు, ఏమంటున్నాడో జనానికి తెలియాలిగా" అన్నారు ప్రొప్రయిటరు గారు. కూర్చున్నాను. ఒక్క మాట కూడా రాయకుండా అట్ట వెనక్కిచ్చాను. "జీతం దేనికి?" అన్నారు. "చూడండి" అన్నాను.

నిన్న హాలు నిండిపోయింది. బజారంతా వచ్చింది. బాబాయి తెర మీదికి రాగానే ఎప్పటిలాగే అందరూ బిగుసుకున్నారు. అలవాటు అంత త్వరగా పోదు. ఆయన నోరు తెరిచాడు. అట్ట రాలేదు. అప్పుడు వెనక వరసలోంచి మంగలి గొంతు లేచింది, "గుమాస్తాకు అంత దమ్ముందా?" కోర్టులో చదివిన ఆ మాటలు అందరికీ కంఠతా వచ్చు, పక్కనుంచి ఇంకొకరు అందుకున్నారు. తర్వాత ఇంకో వరస. "ముట్టించమన్నది నేను" అనేసరికి హాలంతా ఒకటే గొంతు. బాబాయి పెదవులు కదుపుతున్నాడు, మాట జనం అంటున్నారు. ఇన్నేళ్లూ గోడ పక్కన కూడా గుసగుసలాడనివాళ్లు కుర్చీల మీద చేతులతో దరువేస్తూ అంటున్నారు. కాపలా మనిషి భార్య ముందు వరసలో కూర్చుని ఉంది. ఆవిడ లేచి నిలబడి, తెర మీది మనిషి కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా అంది.

అప్పుడు చూశాను మీ పిల్లల్ని. తెర వైపు ఒక్కరూ చూడటం లేదు. అందరూ కుర్చీల్లో వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, తెరకు వీపు పెట్టి, హాలు నిండా తెరుచుకున్న నోళ్లను చూస్తున్నారు. తెర వెలుగు ఆ మొహాలన్నిటి మీదా పడుతోంది. చదవడానికి అంతకంటే మంచి వెలుగు ఉండదు.

చివర్లో పొడుగు పిల్ల ఒక్కసారి తెర వైపు తిరిగి చూసి, బావ భుజం తట్టి ఏదో సైగ చేసి పకపకా నవ్వింది. ఏమందని నేను సైగతోనే అడిగాను. బావ దగ్గరికొచ్చి నా చెవిలో చెప్పాడు.

"చివరి మాట టీ కొట్టాయన బాబాయి కంటే ముందే అనేశాడట."

మీ,
జామ్ మరక

తా.క. చెప్పులు అందాయి. ఎడమది బిగుతుగా ఉంది. అయినా వేసుకునే తిరుగుతున్నాను, బజారు మధ్యలోంచి.